దూరదర్శనము - దగ్గరి మనుషులు

మార్గశిరములో మాటలాడ పొద్దుండదు, పుష్యమాసములో పూసగుచ్చ పొద్దుండదు అని మన పెద్దల మాట. చలికాలపు పగలు అంత చిన్నదని దాని భావము. పొలము పనియు, ఇంటి పనియు చేతినిండ ఉన్నవారికి ఆ మాట అక్షరాల నిజము. కాని ఇంటిలో ఒంటరిగా మిగిలిన వృద్ధులకు ఆ చిన్న పొద్దే కొండంత. కోడి కూయకముందే మెలకువ వచ్చును. పొయ్యి రాజుకొనును, చాయ కాగును, వాకిట ఎండ పడును. అటుపిమ్మట పలుకరించు మనిషి కొరకు ఎదురుచూపు. ఆ ఎదురుచూపును నేడు మన ఇండ్లలో పంచుకొనుచున్నది టెలివిజను. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని నా తలంపు. ఈ మాటలు చెప్పుచున్నవాడు ఇరువదియైదేండ్లుగా తరగతిగదిలో దానిని నిందించుచు వచ్చినవాడే యని పాఠకులు మొదటనే తెలిసికొందురుగాక.

మాది దామరచర్ల. నార్కట్‌పల్లి నుండి అద్దంకి పోవు రహదారిమీద, మిర్యాలగూడ దాటిన తరువాత, కృష్ణానదికి ఈవలి వైపున ఉన్న ఊరు. ఇంకను ముందునకు పోయిన వాడపల్లి వచ్చును. అచ్చట మూసీనది కృష్ణలో కలియును. అగస్త్యేశ్వరస్వామియు, లక్ష్మీనరసింహస్వామియు ఆ సంగమమును కనిపెట్టుకొని యున్నారు. ఏరు దాటినచో పల్నాడు. నాగార్జునసాగరపు ఎడమకాలువ నీరు పారు ప్రాంతము గనుక వరి మాకు ముఖ్యమైన పంట. ఆ వడ్లను మరపట్టు మిల్లులకు మిర్యాలగూడ పేరు మోసినది. పుష్యమాసములో ఏటిమీదినుండి లేచిన మంచు పొలముల మీదుగా ఊరిలోనికి వచ్చి, జాము పొద్దెక్కువరకు కదలదు.

మా నాయనగారు గతించిన తరువాత అమ్మ ఊరు విడిచి రానన్నది. నేను సూర్యాపేటలో అధ్యాపకవృత్తిలో ఉన్నాను. బస్సులో రెండు గంటల ప్రయాణమే యైనను, సెలవులు, పరీక్షలు, మూల్యాంకనములు అను సాకులు నాకు సమృద్ధిగా ఉన్నవి. ఒక దీపావళికి పెద్ద టెలివిజను కొని గోడకు బిగించి వచ్చినాను. ఆ పూట నా మనస్సున కలిగిన తృప్తిని ఇప్పుడు తలచుకొన్న సిగ్గు కలుగుచున్నది. కొడుకు కూర్చుండవలసిన చోట ఒక అద్దపు పలకను నిలిపి, ఋణము తీరినదని తలచినాను. మరునాడు కళాశాలకు పోయి, టెలివిజను చదువునకు శత్రువని విద్యార్థులకు ఎప్పటివలె బోధించినాను. తల్లికి వరమని ఇచ్చినదానినే పిల్లలకు శాపమని చెప్పుచున్నానను సంగతి చాలకాలము నాకు తోచలేదు. తోచునట్లు చేసినది ఇటీవలి పుష్యమాసములోని ఒక ఆదివారము.

శనివారము రాత్రి దిద్దవలసిన జవాబుపత్రముల కట్టతో ఊరు చేరినాను. తెల్లవారకముందే పక్క గదిలో మాటలు వినవచ్చి లేచినాను. అమ్మ గొంగడి కప్పుకొని, కుంపటి దగ్గరకు లాగుకొని, టెలివిజను ముందు కూర్చుండి యున్నది. ఈటీవీలో వ్యవసాయ కార్యక్రమమైన ‘అన్నదాత’ నడుచుచున్నది.

“గింత పొద్దుగాల ఏం జూస్తున్నవమ్మా?” అని అడిగినాను.

“కూసో కొడుకా. నారు సంగతి చెప్తున్నరు” అన్నది, తల త్రిప్పకుండనే.

యాసంగి వరికి నారు పోసిన దినములవి. చలి ఎక్కువైనప్పుడు నారు ఎదుగక ఎర్రబడును. రాత్రులు నారుమడిపై పట్టాలు కప్పి తెల్లవారిన పిదప తీసివేయవలెననియు, రాత్రి నిలిచిన చల్లని నీటిని ఉదయమున తీసి క్రొత్తనీరు పెట్టవలెననియు వారు చెప్పుచున్నారు. కార్యక్రమము ముగియకముందే అమ్మ ఫోను తీసి, మా పొలము కౌలుకు చేయు రైతును పిలిచినది. “అయ్యా, మడిల నీళ్లు ఇప్పుడే తీసెయ్. ఎండ పడ్డంక కొత్తనీళ్లు పెట్టు. నిన్న నేను చెప్పలే? ఇయ్యాల టీ.వీ.ల గూడ గదే చెప్తున్నరు” అన్నది. ఆ కంఠములోని అధికారమునకు నాకు నవ్వు వచ్చినది. టెలివిజను ఆమెకు గురువు కాదు. ఆమె మాటకు సాక్షి మాత్రమే.

తొమ్మిది దాటిన తరువాత మంచు విడిచి, అరుగు మీదికి నీరెండ వచ్చినది. ఇద్దరము జొన్నరొట్టెలు పట్టుకొని అరుగు మీద కూర్చున్నాము. అమ్మ ఎండను చూచి, “గిదే యాళ్లకు గద రామాయణం వచ్చేది” అన్నది. ఆ ఒక్క మాటతో నాకు పదునేడేండ్ల వయస్సు తిరిగి వచ్చినది.

రామానందసాగర్ నిర్మించిన హిందీ ‘రామాయణ్’ దూరదర్శన్‌లో 1987 జనవరి 25వ తేదీన, ఆదివారము నాడు ఆరంభమైనది. అదియు పుష్యమాసమే. అప్పుడు నేను మిర్యాలగూడలో ఇంటర్మీడియట్ చదువుచుంటిని. ఊరిలో టెలివిజనులు వేళ్లమీద లెక్కింపదగినన్ని. మా వీథిలో ఒక మిల్లు యజమాని ఇంట సాలిడేర్ పెట్టె ఉండెడిది. దానికి చెక్క తలుపులు, తలుపులకు తాళము. ఆదివారము తొమ్మిది గంటలకే ఆ పెట్టెను అరుగు మీదికి తెచ్చెడివారు. చలి కనుక జనులందరు వాకిట ఎండలోనే కూర్చుండవలెను. ఎండ పడినచో తెరమీద బొమ్మ కనబడదు. దీనికి మావారు కనిపెట్టిన ఉపాయము గొంగడి. పెట్టె మీదుగా రెండు కర్రలు కట్టి, గొంగడి కప్పి, దానికొక చిన్న గుడిసె కట్టెడివారు. చూచువారు ఎండలో, రాముడు నీడలో.

ప్రసారము మా ఊరివరకు వచ్చునప్పటికి బలము తగ్గియుండెడిది. మేడమీద పొడుగాటి గొట్టమునకు యాంటెన్నా కట్టి, ఒక కుర్రవాడు దానిని పట్టుకొని నిలువబడును. “వచ్చిందా?” అని పైనుండి అతడు, “రాలే, ఇంక జెర్ర తిప్పు” అని క్రిందినుండి నూరుమంది. ఆ కుర్రవాడు అనేక వారములు రామాయణమును వినుటయే గాని చూచి యెరుగడు. కరెంటు పోయిన దినమున ట్రాక్టరు బ్యాటరీ విప్పుకొని వచ్చి, ఒక చిన్న నలుపు తెలుపుల పెట్టెకు తగిలించెడివారు. అట్టి దామరచర్ల మండలములోనే వీర్లపాలెము వద్ద 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగి, మొత్తము 4,000 మెగావాట్ల సామర్థ్యముతో యాదాద్రి థర్మల్ విద్యుత్కేంద్రము వెలసినది. అందులో రెండవ యూనిటును 2024 డిసెంబరులో జాతికి అంకితము చేసినారు. ఆనాడు బ్యాటరీ మోసిన భుజములకు ఈ లెక్క వింతగా తోచును.

ఇక భాష. మా వాకిట కూర్చున్న నూరుమందిలో హిందీ వచ్చినవారు లేరనియే చెప్పవచ్చును. ఆ లోటు తీర్చినవారు మా వీథిలోని ఒక వృద్ధ పంతులుగారు. వారు నిజాము కాలమున ఉర్దూ మాధ్యమములో చదివి, చిరకాలము బడిపంతులుగా పనిచేసి విరమించినవారు. పెట్టె పక్కన వారికొక కుర్చీ. ఒక మాట తెరమీద వినబడగానే, దాని తెలుగు పంతులుగారి నోట వచ్చెడిది. వారు హిందీ ఎన్నడును చదువలేదు. ఎట్లు చెప్పగలుగుచున్నారని ఒకనాడు అడిగినాను. “ఏమున్నదిరా, క్రియలు ఉర్దూవి, నామవాచకాలు తెలుగువి. రెండు వచ్చినోనికి మూడోది అదే వస్తది” అన్నారు. ఆలోచించిన అది నిజము. ఆజ్ఞ, వచనము, ధర్మము, వనవాసము వంటి సంస్కృతపదములు మనకు తెలుగుద్వారా తెలిసినవే. వానిని కూర్చు ‘హై’, ‘కరో’, ‘జావో’ వంటివి ఉర్దూ చదివినవారికి తెలిసినవే. భాషాశాస్త్రములో నేను తరువాత చదివిన గ్రంథములలో గూడ ఇంత సులువుగా చెప్పిన వాక్యమును చూడలేదు.

పంతులుగారు అనువాదముతో ఆగెడివారు కారు. ఆ ధారావాహిక ఆరంభమున, ఆధారముగా గ్రహించిన వివిధ భాషల రామాయణముల పేర్లు చూపెడివారు. వాల్మీకి, తులసీదాసు, కంబరులతోపాటు మన రంగనాథ రామాయణము పేరును ఉండెడిది. అది తెరమీద కనబడగానే పంతులుగారు చేయి యెత్తి, “అదిగో మనది. గోన బుద్ధారెడ్డిది. ద్విపద” అని ప్రతి ఆదివారము చెప్పెడివారు. సేతువు కట్టిన భాగము వచ్చిన నాడు మా అమ్మ, “ఉడుత ఏదీ?” అని అడిగినది. తన తల్లి దంచునప్పుడు, విసరునప్పుడు చెప్పిన కథలలో ఆమె ఉడుతను విన్నది. పంతులుగారు ఎంతయో సంతోషించి, వాల్మీకిలో లేని ఆ ఉడుత రంగనాథ రామాయణములో ఉన్నదని చెప్పి, ఇసుకలో పొరలి సముద్రమున దులుపుకొన్న ఆ చిన్న ప్రాణి కథను వాకిటివారికెల్ల వినిపించినారు. అక్షరము రాని మా అమ్మ ఆనాడు ఒక పాఠభేదమును లేవనెత్తినది. తెలుగు ఎం.ఏ. చదువవలెనను కోరిక నాకు పుట్టినది ఏ తరగతిలోనని అడిగినచో, ఆ వాకిటిలోనని చెప్పుదును.

అట్లని అందరును భక్తితో మునిగిపోయిరని తలంపరాదు. “రాముడు బాగనే ఉన్నడు గని, మన రామారావు లెక్క లేడు” అని ఆడువారి ఫిర్యాదు. ఆనాడు రామారావుగారు వెండితెర రాముడే గాక రాష్ట్రమునకు ముఖ్యమంత్రి గూడ. ప్రకటనలు వచ్చినప్పుడు మగవారు బీడీలు ముట్టించుకొనెడివారు. పిల్లలు బాణములు చేసికొనెడివారు. 1988 జులై 31వ తేదీవరకు డెబ్బదియెనిమిది భాగములుగా ఆ కథ నడచినది. ఆ సంవత్సరమే అక్టోబరు 2న ‘మహాభారత్’ మొదలై, 1990 జూన్‌వరకు సాగినది. దాని సంభాషణలు వ్రాసినవారు డాక్టరు రాహీ మాసూమ్ రజా. అందులోని ‘పితాశ్రీ’, ‘మాతాశ్రీ’ అను పిలుపులు విన్నంతనే మా పంతులుగారు తల ఊపి, “అబ్బాజాన్, అమ్మీజాన్ అచ్చులోనే పోసిండ్రు” అన్నారు. వారి ఊహ సరియైనదేనని చాల ఏండ్లకు రచయితను గూర్చి చదివినప్పుడు తెలిసినది.

మా వాకిటిలో జరిగినది వింత కాదు. టెలివిజను మన పల్లెలకు వచ్చినదే పదిమందిని కూర్చుండబెట్టుటకు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైన ఈ ప్రసారము తొలినాళ్లలో నగరపు వింతగానే యుండెను. 1975 ఆగస్టు నుండి 1976 జులై వరకు ఒక సంవత్సరము, అమెరికావారి ఉపగ్రహము సహాయముతో ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు వ్యవసాయము, ఆరోగ్యము, బడిపాఠములను ప్రసారము చేసినారు. ఆంధ్రప్రదేశ్ అందులో నొకటి. ఊరికొక పెట్టె, దాని చుట్టు ఊరు. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ఆరంభమైనది. 1982లో రంగులు వచ్చినవి. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్‌గారు తొలిసారి తెలుగు వార్తలు చదివినారు. ఎదుట అక్షరములు నడిపించు యంత్రము లేని కాలమున, వార్తలను కంఠస్థము చేసికొని, ప్రేక్షకుని ముఖము చూచి చెప్పినట్లు చదివిన విద్య వారిది. 2024 ఏప్రిలులో వారు దివంగతులైనారు. వారి ఉచ్చారణ విని ఒత్తులు దిద్దుకొన్న బడిపిల్లలలో నేనొకడను.

ఆ కాలపు ఇతర కార్యక్రమములను తలచినను నాకు ఒక్కటే తోచును. మల్లాది చంద్రశేఖరశాస్త్రిగారి ‘ధర్మసందేహాలు’ ప్రేక్షకుల ప్రశ్నలమీదనే నడచినది. 1990 నుండి 2001 వరకు జాతీయ ప్రసారములో వచ్చిన ‘సురభి’కి వచ్చిన కార్డుల వెల్లువను తట్టుకొనలేక తపాలాశాఖ పోటీల కొరకు ప్రత్యేకముగా ఒక కార్డును వెలువరింపవలసి వచ్చినదని ప్రసిద్ధి. ధర్మవరపు సుబ్రహ్మణ్యంగారి ‘ఆనందోబ్రహ్మ’ వచ్చిన మరునాడు కళాశాలలో మొదటి గంట ఆ సంభాషణలకే చెల్లిపోయెడిది. అడుగుట, వ్రాయుట, మరునాడు చెప్పుకొనుట - చూచుటకు తరువాయి ఏదో యొకటి ఉండెడిది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చినవి. క్రమముగా ఇంటికొక పెట్టె, తరువాత గదికొక పెట్టె, ఇప్పుడు చేతికొక తెర వచ్చినవి. కార్యక్రమములు వేలు పెరిగినవి. వాకిలి మాత్రము ఖాళీయైనది.

మధ్యాహ్నము అమ్మ కందికాయలు ఉడకబెట్టినది. ఇద్దరము కంచములో పోసికొని ఒలుచుకొని తినుచుండగా, నేను నా ఫోనులో ‘అమృతం’ పాతభాగము నొకదానిని పెట్టినాను. గుణ్ణం గంగరాజుగారి ఆ హాస్య ధారావాహిక 2001 నవంబరు 18న జెమినిలో మొదలై, సరిగా ఆరు సంవత్సరములు ఆదివారముల నడచినది. అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దరు మిత్రులు, వారి ‘అమృతవిలాస్’ హోటలు, ఇంటి యజమాని అప్పాజీ, పనివాడు సర్వం. ప్రతి వారము ఒక గొప్ప ఉపాయము, వారాంతమున దాని పతనము. ఆంజనేయులుగా నటించిన గుండు హనుమంతరావుగారు 2018లో కన్నుమూసినారు. వారి ముఖము తెరమీద కనబడగానే అమ్మ నవ్వుటకు ఆరంభించినది. మాట ఇంకను రాలేదు. ఒక గింజ గొంతున పడి దగ్గు వచ్చువరకు నవ్వినది. ఆమె అట్లు నవ్వుట నేను చూచి ఎన్నాళ్లయినదో లెక్కకు రాలేదు. “నువ్వొక్కదానివి చూసేటప్పుడు గూడ గిట్లనే నవ్వుతవా?” అని అడిగినాను.

“ఒక్కదాన్ని నవ్వితే మందేమనుకుంటరు?” అన్నది.

ఆ మాట వెంట నాకు మరియొక సంగతి జ్ఞాపకము వచ్చినది. 2020లో మహమ్మారి కారణముగా దేశమంతట తలుపులు మూతపడినప్పుడు, మార్చి 28 నుండి దూరదర్శన్ ఆ రామాయణమునే మరల ప్రసారము చేసినది. ఉదయము ఒక భాగము, రాత్రి ఒక భాగము. మొదటి దినములలో భాగము ముగియగానే అమ్మ ఫోను చేసి, “దశరథుడు ఏమన్నడు? కైకకు రాముడు ఏం జవాబు చెప్పిండు?” అని అడిగెడిది. నేను మూడు నాలుగు మారులు చెప్పినాను. తరువాత, “కథ నీకు తెలిసిందే గదమ్మా, నాకు పనున్నది” అన్నాను. నిజమునకు ఆ దినములలో నాకు పని ఏమియు లేదు. కళాశాలలు మూసియుండెను. ఆ తరువాత అమ్మ రామాయణము గూర్చి ఫోను చేయలేదు. అదియే సుఖమనుకొన్నాను.

“అప్పుడు రామాయణం ఆఖరిదాక చూసినవా?” అని ఇప్పుడు అడిగినాను.

“లే. సగంల ఇడిసిపెట్టిన.”

“ఎందుకు?”

“కథ తెల్వక కాదు కొడుకా. చెప్పేటోళ్లు లేకపాయె.”

ఆమె నిష్ఠూరముగా అనలేదు. కందికాయ ఒలుచుచునే అన్నది. కాని ఆ క్షణమున నాకు పంతులుగారి ఖాళీకుర్చీ కనబడినది. వారు గతించి చాలకాలమైనది. ఆ కుర్చీలో కూర్చుండవలసినవాడను నేను. వారికి లేని హిందీ నాకు వచ్చును. వారు పేరు చెప్పి చూపిన రంగనాథ రామాయణమును నేను పాఠముగా చెప్పుచున్నాను. ఆమె నన్ను అర్థము చెప్పుమని అడిగినదనుకొన్నాను. వాకిటిని అడిగినది.

సాయంకాలము చలి మరల దిగినది. తలుపు వేసి, పాత ‘పాడుతా తీయగా’ భాగముల నొకదానిని పెట్టినాను. 1996లో ఈటీవీలో మొదలైన ఈ పాటల పోటీని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు చిరకాలము నడిపినారు. 2020 సెప్టెంబరు 25న వారు అస్తమించిన తరువాత వారి కుమారుడు చరణ్ నడుపుచున్నారు. అమ్మకు రాగములు తెలియవు. పాటలకన్న పాటల నడుమ బాలుగారి మాటలు ఆమెకు ఇష్టము. ఎవరు వ్రాసినారు, ఎవరు స్వరపరచినారు, ఆ మాటకు అర్థమేమి, ఆ ఒత్తు ఎందుకు పలుకవలెను - ఇవన్నియు వారు పాడిన బాలునికి చెప్పుచునే, చూచు మనకును చెప్పెడివారు. తప్పు చూపునప్పుడు ముందుగా పిల్లవాని పాటలో ఒక మంచిని వెదకి చెప్పెడివారు. “గా పంతులు లెక్కనే చెప్తడు గద ఈయన” అన్నది అమ్మ. నాకు తోచని పోలిక ఆమెకు తోచినది. తెరమీద నుండి గూడ మన పక్కన కూర్చున్నట్లు మాటలాడగల విద్య కొందరికి ఉండును. అట్టివారు నిలిచిన కార్యక్రమములే తెలుగువారికి ప్రియమైనవి.

రాత్రి భోజనమైన తరువాత అమ్మ నిత్యము చూచు సీరియలు వచ్చినది. తరగతిగదిలో నేను ఎక్కువగా తిట్టినవి ఇవియే. తిట్టుటయే గాని ఒక్కటియు పూర్తిగా చూచి యెరుగను. ఆ రాత్రి చూచినాను. కథ నడువలేదు, ముఖములు మూడుమారులు ఉరిమినవి. కాని అమ్మ నాకు పంతులుగారివలె వివరించినది. ఈమె పెద్దకోడలు, ఈమెకు ఆస్తి సంగతి తెలియదు, ఆ ఉత్తరము బీరువాలో ఉన్నది. “మరి కోడలు నోరు తెరిచి చెప్పొచ్చు గద?” అన్నాను. “చెప్తే సీరియలు వారంల అయిపోతది. రాసేటోళ్లు బతకొద్దా?” అన్నది. కథానిర్మాణమును గూర్చి ఇంతకంటె నిష్కర్షయైన విమర్శ మా పరీక్షాపత్రములలో నాకు దొరకుట అరుదు. ఆమె ఆ సీరియలును నమ్మి చూచుటలేదు. తీర్పు చెప్పుచు చూచుచున్నది. ఇన్నాళ్లు ఆ తీర్పును వినువారు లేరు, అంతియే.

ఉపాధ్యాయులైన పాఠకులకు ఒక మాట. 2020 సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రములో బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. ఆ పాఠములు చెప్పినవారు చక్కగా చెప్పినారు. అయినను ఒక్కొక్క ఇంట ఒక్కొక్క ఫలితము కలిగినది. ఎచ్చట అక్కయో, అన్నయో, తల్లియో పిల్లవాని పక్కన కూర్చుండి, “అర్థమైందా, మళ్లీ చెప్పు” అని అడిగినారో అచ్చట పాఠము నిలిచినది. పిల్లవానిని తెరముందు వదలి పెద్దలు కూలికి పోవలసి వచ్చిన ఇంట అది గోడకు చెప్పిన పాఠమైనది. తప్పు ఆ పెద్దలది కాదు, తెరదియు కాదు. పక్కన మనిషి లేకపోవుటయే లోటు. పూర్వము పురాణము చదువునప్పుడు ఒకరు పద్యము చదువ, మరియొకరు అర్థము చెప్పెడివారు. వినువారు నడుమ నడుమ అడిగెడివారు. గ్రంథమున్నంత మాత్రమున పురాణము జరుగలేదు. టెలివిజనుకును అదియే న్యాయము.

కనుక తరగతిలో నేను చెప్పు మాటను మార్చుకొన్నాను. టెలివిజను చూడవద్దని ఇప్పుడు చెప్పుటలేదు. వారమునకు ఒక కార్యక్రమమును ఇంటిలోని పెద్దలలో ఒకరితో కలిసి చూచి, వారు ఏమన్నారో వ్రాసి తెమ్మని చెప్పుచున్నాను. విద్యార్థులు తెచ్చు కాగితములలో అమ్మమ్మల సామెతలు, తాతల తగవులు, సీరియళ్లమీద తీర్పులు వచ్చుచున్నవి. నిఘంటువులలో దొరకని మాటలును కొన్ని వచ్చుచున్నవి. విద్యార్థులైన పాఠకులు ఎవరు చెప్పకపోయినను ఈ పని చేయవచ్చును. చేతిలోని తెరను అవ్వవైపు కొంచెము త్రిప్పి పట్టుకొనిన చాలును.

ఆ రాత్రి జవాబుపత్రముల కట్ట విప్పనే లేదు. మరునాడు తెల్లవారి బస్సునకు బయలుదేరునప్పుడు అమ్మ గడపవరకు వచ్చి, “మల్ల ఎప్పుడొస్తవు?” అని అడుగలేదు; అది ఆమె ఎన్నడును అడుగదు. “రామాయణం నీ ఫోన్ల దొరుకుతదా?” అని అడిగినది. దొరకునన్నాను. “సేతువు కట్టేకాడ ఇడిసిపెట్టిన” అన్నది. ఆ పుష్యమాసము నుండి ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిదిన్నరకు నేను దామరచర్లలో ఉండుటకు ప్రయత్నించుచున్నాను. ఉండలేని వారము ఫోను దగ్గర పెట్టుకొని, ఇటు నేను, అటు ఆమె, ఒకే భాగమును చూచి, వాక్యము వాక్యమునకు తెలుగు చెప్పుచున్నాను. కథ మెల్లగా నడుచుచున్నది. ఆమె ప్రశ్నలు ఎక్కువ.